ఉల్లిపొరలో ఆకుపచ్చ చుక్కలు

బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
12 సెప్టెంబరు 1982

చిరంజీవి దేవకృపకు,

నీ ఉత్తరం కోసం చూస్తుంటే మీ కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. టైపు చేసి, కింద వృక్షశాస్త్రం లెక్చరర్ శ్యామలమ్మ గారు సంతకం పెట్టారు. నువ్వు ల్యాబు రికార్డులో బొమ్మలు స్లైడు చూసి వేయలేదట, పుస్తకం చూసి దించావట. ఉల్లిపొర బొమ్మలో ప్రతి కణంలోనూ ఆకుపచ్చ చుక్కలు పెట్టావట. ఉల్లిపాయ లోపలి పొరలో హరితరేణువులు ఉండవని, సూక్ష్మదర్శినిలో ఒక్కసారి చూసినవాళ్లెవరూ అక్కడ ఆ చుక్కలు పెట్టరని ఆవిడ రాశారు. తన ఎదుట కూర్చుని, చూసి, వేసి ఒప్పించేదాకా నీ రికార్డు మీద సంతకం పెట్టరట. సంతకం లేని రికార్డుతో మార్చిలో ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరట. అంటే బీయెస్సీ మొదటి ఏడాదిలోనే నీ చదువు ఆగిపోతుంది.

మిషను ఆసుపత్రిలో రిటైరయ్యేదాకా లెక్కలు చూశాను. రాని మందులు వచ్చినట్టు రాసే గుమాస్తాలను చాలామందిని పట్టుకున్నాను. వాళ్లెవరూ నా ఇంట్లో పెరిగినవాళ్లు కాదు.

మీ అమ్మ మార్త పోయిన నాటి నుంచి నిన్ను ఎలా పెంచానో చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఇప్పుడు ఓపిక కూడా లేదు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. పనిమనిషి రోసమ్మ వచ్చి బిందెలు పడితే నీళ్లు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. సంఘంలో స్త్రీల సమాజం లెక్కలు మళ్లీ నా నెత్తినే పెట్టారు. ఇతరులు తప్పు వేసిన కూడికలు దిద్ది దిద్ది విసుగొచ్చింది. అందులో నీది కూడా చేరుతుందనుకోలేదు.

జరిగింది జరిగినట్టు రాయి.

మీ అమ్మమ్మ
ప్రేమమణి


కాకినాడ, లేడీస్ హాస్టల్
21 సెప్టెంబరు

ప్రియమైన అమ్మమ్మకు వందనాలు.

మేడం రాసింది నిజమే. పుస్తకం చూసే వేశాను. మిగతావాళ్లు కూడా అప్పుడప్పుడు చూస్తారు, నేను దొరికిపోయాను. ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను.

హాస్టల్ భోజనం ఫరవాలేదు. వానలు తగ్గలేదు, ఉతికిన బట్టలు ఆరడం లేదు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? రోసమ్మను రోజూ రమ్మని గట్టిగా చెప్పు, బిందెలు నువ్వు ఎత్తకు.

జీవరాజు మామయ్య ఉత్తరం రాశాడు. బేగంపేటలో తనకు తెలిసిన ఒక హోటల్లో ఫోన్ల దగ్గర కూర్చోవడానికి ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి కావాలన్నారట. అల్వాల్‌లో మామయ్య వాళ్లింట్లోనే ఉండి వెళ్లొచ్చట. ఊరికే చెబుతున్నాను.

నీ కృప


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
10 అక్టోబరు

చి. కృపకు,

ఊరికే చెబుతున్నానని రాసేవాళ్లు ఊరికే చెప్పరు. నా కొడుకుకు ఎప్పుడూ ఇదే అలవాటు, ఎవరైనా కాస్త కష్టపడుతుంటే పక్కనే ఒక కుర్చీ వేసి పెడతాడు. నీకు ఉద్యోగాలు వెతకొద్దని వాడికి చెప్పాను.

నీ తప్పును దిద్దాలంటే అదేమిటో నాకు తెలియాలి. మన వీధి చివర ఉండే మేబెల్ టీచరును అడిగాను. హైస్కూల్లో సైన్సు చెబుతుంది కదా. ఏదో నోటితో చెప్పి పంపుతుందనుకుంటే, శనివారం పిల్లలు వెళ్లాక స్కూలు ల్యాబుకే తీసుకువెళ్లింది.

ఉల్లిపాయ కోసి, ఒక రెక్క లోపలివైపు నుంచి పట్టకారుతో పొర లాగింది. అంత పల్చటి పొర ఉంటుందని ఇన్నేళ్లు వంట చేసినా నాకు తెలియదు. గాజు పలక మీద నీళ్ల చుక్కలో దాన్ని పరిచి, ఎర్ర రంగు ఒక చుక్క వేసింది. పైన మూసే గాజుబిళ్లను నన్ను పెట్టమంది. ఒక అంచు ఆనించి, రెండో అంచును సూది మీద మెల్లగా దించాలి. నేను ఒక్కసారిగా వదిలేశాను. గొట్టంలో చూస్తే నల్లటి అంచుతో గుండ్రంగా ఒకటి కనిపించింది. కణం చూశానని ప్రకటించాను. మేబెల్ నవ్వు ఆపుకుని, అది గాలి బుడగ అంది. బుడగను తప్పించుదామని నేను మరలు తిప్పబోతే అటెండరు తుకారాం పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, జెర ఆగుండ్రి. గొట్టం మీదికి తిప్పాలె, కిందికి గాదు. మొన్న ఒక పోరి గిట్లనే తిప్పి అద్దం పలగ్గొట్టింది."

నన్ను తొమ్మిదో తరగతి పోరితో జమకట్టాడు. చెప్పినట్టే మీదికి తిప్పాను.

తర్వాత కనిపించింది. గోడలో పేర్చిన పొడుగాటి ఇటుకల్లా వరసలు. ఒక్కొక్క దానిలో ఒక ఎర్రటి ముద్ద, అది కేంద్రకం. చాలావాటిలో అది మధ్యలో లేదు, గోడ పక్కకు ఒరిగి ఉంది. మధ్యంతా ఖాళీగా ఉందంటే, అది ఖాళీ కాదు, రసం నిండిన సంచి, దాన్ని రిక్తిక అంటారని మేబెల్ చెప్పింది. ఎంతసేపు చూసినా ఆకుపచ్చ లేదు.

అరవై ఎనిమిదేళ్ల వయసులో నాకు కనిపించింది నీకు కనిపించకపోవడానికి కారణం లేదు. రెండు కళ్లూ తెరిచి ఉంచాలట. ఎడమ కన్ను గొట్టానికి, కుడి కన్ను కాగితానికి. ఒక కన్ను మూసుకోవడం బద్ధకం అంది మేబెల్. ఆ పద్ధతి పట్టుదలగా సాధన చేయి. ఇంకేమీ అక్కర్లేదు.

ప్రేమమణి


కాకినాడ
2 నవంబరు

అమ్మమ్మ గారికి,

మీరు చెప్పినట్టే సాధన చేశాను. ఎడమ కన్ను గొట్టానికి, కుడి కన్ను కాగితానికి. మా మేడం పద్ధతి కూడా అదే. కన్ను మూసినవాళ్ల భుజం మీద స్కేలు పడుతుంది.

మీకు కనిపించింది. నాకు కనిపించలేదు. కాలేజీ తెరిచిన నాటి నుంచి ఒక్కసారి కూడా కనిపించలేదు. ఈ మాట మీకు రాయకూడదనుకున్నాను.

స్లైడును మేడమే సరిచేసి పెడతారు. వరసగా వెళ్లి చూసి రావాలి, మరలు ముట్టుకోకూడదు. నా ముందు మా క్లాసు రాజ్యం ఉంటుంది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయే" అంటుంది. నేను కన్ను ఆనిస్తాను. పాలలో మరకలు పడ్డట్టు ఏదో ఉంటుంది. వెనకవాళ్లు తోస్తుంటారు. కనిపించిందా అని మేడం అడుగుతారు. కనిపించిందండి అంటాను. మొదటి రోజు అలా అన్నాక రెండో రోజు కనిపించలేదని ఎలా చెప్పను? గదికి వచ్చి పుస్తకం తెరిచేదాన్ని. అందులో 'వృక్షకణం' అని ఒకే ఒక్క బొమ్మ ఉంది, దాని నిండా ఆకుపచ్చ చుక్కలున్నాయి. ఉల్లిపొరకు కూడా అదే వేశాను. మీ కణాల వరస, గోడ పక్కకు ఒరిగిన ముద్ద, నేను వాటిని మీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను.

కాబట్టి బద్ధకం కాదు. అందరికీ తెలిసేది నాకు తెలియడం లేదు. ఈ చదువు నాకు సరిపడదు. క్రిస్మస్ సెలవులకు వచ్చి తీసుకువెళ్లమని మామయ్యకు రాశాను. ఫోన్ల దగ్గర ఎవరూ బొమ్మలు వేయమని అడగరు.

దేవకృప


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
8 నవంబరు

కృపా,

నన్ను 'మీరు' అన్నావు. కోపం వచ్చిందని తెలిసింది. దాన్ని అలాగే ఉంచుకుని ఒక పని చేయి.

నీ ఉత్తరం మేబెల్‌కు చదివి వినిపించాను. 'పాలలో మరకలు' అన్నచోట ఆపమంది. "ఏ కంటితో చూసినా అంతేనా, పెద్దమ్మగారూ?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

ఆదివారం గుడిలో కీర్తనల నంబర్లు వేసిన బోర్డు ఉంటుంది. కూర్చున్నచోటి నుంచే, ఎడమ కన్ను అరచేత్తో పూర్తిగా మూసి చదువు. తర్వాత కుడి కన్ను మూసి చదువు. వేళ్ల సందుల్లోంచి చూడకు. కనిపించింది రాయి. కనిపించకపోతే కనిపించలేదని రాయి. ఆ మాటకు ఎవరూ నిన్ను కొట్టరు.

జీవరాజు వచ్చి వెళ్లాడు. ఇష్టం లేని చదువు దాని మీద ఎందుకు రుద్దుతావని గంటసేపు నాకు పాఠం చెప్పాడు. ఈ ఒక్క జవాబు వచ్చేదాకా టిక్కెట్టు కొనొద్దన్నాను. అలిసిపోయాను, ఇంతకంటే రాయలేను.

అమ్మమ్మ


కాకినాడ
5 డిసెంబరు

ప్రియమైన అమ్మమ్మకు,

కుడి కంటితో నంబర్లన్నీ చదివాను. ఎడమ కంటితో బోర్డు ఉందని తెలిసింది, అంకెలు తెలియలేదు. నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ మూసి చూశాను. పక్కన కూర్చున్న ఆవిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది.

వార్డెన్ అమ్మ కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లారు. చిన్నతనం నుంచే ఎడమ కన్ను బలహీనంగా ఉండి ఉంటుందట. మెదడు దాన్ని వాడుకోవడం మానేసి, కుడి కంటితోనే నెట్టుకొచ్చిందట. రెండు కళ్లూ తెరిచి తిరిగే మనిషికి తన సంగతి తనకే తెలియదన్నారు. పసితనంలో అయితే దారికి తెచ్చేవాళ్లట. ఇప్పుడు అద్దాలు పెట్టినా ఆ చూపు రాదట. కుడి కన్ను దివ్యంగా ఉంది, ఏ చదువైనా చదువుకో అన్నారు.

మర్నాడు మేడం భోజనానికి వెళ్లినప్పుడు ల్యాబులోకి వెళ్లి కుడి కన్ను ఆనించాను. అమ్మమ్మా, ఉన్నాయి. అందరూ చెప్పినవన్నీ అక్కడే ఉన్నాయి. మధ్యాహ్నం అన్నానికి కూడా వెళ్లలేదు.

ఇప్పుడు నువ్వు ఒకటి చేయాలి. డాక్టరు ఇచ్చిన కాగితం దీనితో పంపుతున్నాను. చూపు లేకపోవడం వల్ల అలా జరిగిందని, తప్పు నాది కాదని, ఉన్న బొమ్మలకే సంతకం పెట్టమని మేడంకు రాయి. నీ ఉత్తరం చూస్తే కాదనరు. లేకపోతే రికార్డు అంతా మొదటి నుంచి వేయాలి. అందరూ వెళ్లిపోయాక ఆవిడ ఎదుట ఒక్కదాన్నే కూర్చోవాలి. ఆ అవమానం నావల్ల కాదు. నువ్వు రాస్తే ఉంటాను. లేకపోతే మామయ్యతో వచ్చేస్తాను.

కృప


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
13 డిసెంబరు

చి. కృపకు,

డాక్టరు కాగితం పదిసార్లు చదివాను. చిన్నప్పుడు గ్లాసులో నీళ్లు పోయమంటే సగం బల్ల మీద పోసేదానివి. పరధ్యానమని తిట్టేదాన్ని. ఇంతకంటే ఆ సంగతి రాయలేను.

శ్యామలమ్మ గారికి ఉత్తరం వేశాను. ఏం రాశానో నీకు తెలియాలి. "మా మనవరాలి ఎడమ కంటికి చూపు లేదు. డాక్టరు కాగితం జతపరిచాను. తనను కుడి కంటితో చూడనివ్వవలసిందిగా, మరలు తన చూపుకు తగ్గట్టు తనే సరిచేసుకోనివ్వవలసిందిగా కోరుతున్నాను." అంతే రాశాను.

తప్పు నీది కాదని రాయలేదు. కనిపించకపోవడం నీ తప్పు కాదు. కనిపించిందని చెప్పడం నీదే. ఆ రెండూ ఒకే పద్దు కింద వేయమంటున్నావు. నేను వేయను. పాత బొమ్మలకు సంతకం పెట్టమని అడగలేదు. ఆ బొమ్మలు నువ్వు చూసినవి కావు.

నువ్వు నా మీద మండిపడతావని తెలుసు. ఆవిడ ఎదుట ఒంటరిగా కూర్చోవడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. జీవరాజు సెలవులకు వస్తాడు. ఉంటావో వస్తావో నువ్వే తేల్చుకో, వచ్చినా ఈ ఇంటి తలుపు తెరిచే ఉంటుంది. కానీ ఆ ఉత్తరం మాత్రం మార్చి రాయను.

ప్రేమమణి


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
6 ఫిబ్రవరి 1983

కృపా,

క్రిస్మస్‌కు ఉత్తరం లేదు. కొత్త సంవత్సరానికీ లేదు. జీవరాజు కాకినాడ వెళ్లి ఒక్కడే తిరిగొచ్చాడు. గేటు దగ్గర నిలబడి రానని చెప్పావట, ఎందుకని అడిగితే లోపలికి వెళ్లిపోయావట. "దానికేం రాశావమ్మా? మొహం మాడ్చుకుని ఉంది" అని నన్ను అడిగాడు. వాడికి చెప్పలేదు. అది మన ఇద్దరి సంగతి.

ఉన్నావని మాత్రం తెలిసింది. చదువుతున్నావో లేదో తెలియదు. శ్యామలమ్మ గారికి రాసి కనుక్కోవచ్చు. కానీ నీ సంగతి నీ చేతి రాతలో తప్ప వేరేచోట చదవదలచుకోలేదు.

మోకాలు వాచింది, గుడికి వెళ్లడం మానేశాను. పోస్టుమ్యాన్ వచ్చే వేళకు వాకిట్లో కుర్చీ వేసుకుంటున్నాను. రోసమ్మ చూసి, "ఏందమ్మా, చిట్టీ రాలేదా? నువ్వే ఒకటి రాయరాదు?" అంది. రాస్తున్నాను.

కోపంగా ఉంటే ఉండు. అన్నం మానకు.

అమ్మమ్మ


కాకినాడ
20 మార్చి

అమ్మమ్మకు,

నీ డిసెంబరు ఉత్తరం చించేశాను. ఆ తర్వాత నీకు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ చెడ్డ మాటలే వచ్చాయి. అందుకని రాయలేదు. ఇంకా కొంత కోపం ఉంది. అది కూడా చెప్పే రాస్తున్నాను.

నీ కోసం ఉండిపోలేదు. ఆ రోజు ల్యాబులో చూసినవి ఇంకోసారి చూడాలనిపించింది. మామయ్యతో వచ్చేస్తే మళ్లీ ఎప్పుడు చూస్తాను?

జనవరిలో మేడం దగ్గరకు వెళ్లి, నాకు ఏ రోజూ కనిపించలేదని, కనిపించిందని అబద్ధం చెప్పానని అన్నాను. ఆవిడ నన్ను తిడతారనుకున్నాను. పాత రికార్డు తీసుకుని, ప్రతి బొమ్మ మీదా అడ్డంగా ఎర్ర గీత కొట్టారు. కొత్తది తెచ్చుకోమన్నారు. నీ ఉత్తరం సంగతి ఎత్తలేదు. కానీ మర్నాటి నుంచి కిటికీ పక్క సూక్ష్మదర్శిని నాకు విడిగా ఇచ్చారు.

అందరిలా ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు పెట్టి వేయడం నాకు కుదరదు. కుడి కంటితో చూడాలి, తల ఎత్తి కాగితం మీద ఒక గీత గీయాలి, మళ్లీ వంగాలి. వంగేసరికి ఏ కణం దగ్గర ఆగానో మరిచిపోయేదాన్ని. మెడ పట్టేసేది. రాజ్యం వాళ్లు బొమ్మ ముగించి టీ తాగి వచ్చేసరికి నేను ఒక మూల కూడా పూర్తి చేసేదాన్ని కాదు. "ఏమే, కణాలు లెక్కపెట్టి జీతాలిస్తున్నావా?" అని ఏడిపించేది. ఒకరోజు చిరాకొచ్చి పెన్సిలు విసిరేశాను. రాజ్యమే వెళ్లి తెచ్చి, చెక్కి ఇచ్చింది.

ఆఖరి రోజు మేడం నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. పుస్తకంలో లేని ఆకు ఇచ్చారు. హాస్టల్ ముందు కుండీల్లో ఉంటుంది, పైన పచ్చగా, అడుగున ఊదాగా ఉంటుంది. అడుగు పొర లాగి పెట్టాను. ఊదా రంగు కణాలు గచ్చు బిళ్లల్లా అతుక్కుని ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడ రెండేసి కణాలు పెదవుల్లా ఎదురెదురుగా ఉండి, మధ్యలో చిన్న చీలిక ఉంది. ఆకు ఊపిరి పీల్చే రంధ్రాలు అవి. ఊదా రంగు వాటికి అంటలేదు. ఆ పెదవుల్లో మాత్రం ఆకుపచ్చ గింజలు ఉన్నాయి. అక్కడ మాత్రమే పెట్టాను. మళ్లీ వంగి చూశాను, ఉన్నాయి.

మేడం గొట్టంలో చూశారు. బొమ్మ చూశారు. మళ్లీ గొట్టంలో చూశారు.

"ఈ చివర కణాలు సగం సగం వేసి వదిలేశావేం?"

"అక్కడ పొర చిరిగిందండి. అంతవరకే ఉన్నాయి."

సంతకం పెట్టారు. ఆలస్యం అని పక్కనే రాసి, మార్కులు తగ్గించారు. పరీక్షకు కూర్చున్నాను, బాగానే రాశాను. రికార్డు మార్కులు తగ్గినందువల్ల ఫస్టు క్లాసు రాదు. ఏడ్చాను, రాజ్యానికి తప్ప ఎవరికీ తెలియదు. వచ్చే ఏడాదికి ఫీజు గడువు జూన్ అని నోటీసు పెట్టారు. కడతానని పేరు రాశాను.

బొమ్మకు నకలు తీసి పంపుతున్నాను. నీ మోకాలు ఇప్పుడెలా ఉంది? ఈసారి నిజం రాయి.

నీ కృప


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
4 ఏప్రిల్

చిరంజీవి కృపకు,

మోకాలు తగ్గలేదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను. నిజం అడిగావు కాబట్టి రాశాను.

మార్కులు తగ్గించడం సరైనదే. అయినా చదివినప్పుడు నాకు బాధ కలిగింది. ఆ రెండూ నిజమే.

నీ బొమ్మ ఆదివారమంతా బల్ల మీద పెట్టుకున్నాను. జీవరాజు వచ్చి చూసి, చిరిగినంతవరకే వేయడమేమిటి, మిగతాది ఎలా ఉంటుందో తెలిసిందే కదా, పూర్తి చేస్తే అందంగా ఉండేది అన్నాడు. వాడికి కాఫీ ఇచ్చి పంపించాను. అందులో పెదవుల్లా ఉన్నవి, గింజలు, చీలిక, ఇవన్నీ నువ్వు చూశావని నాకు తెలుస్తోంది. అవెలా ఉంటాయో మాత్రం తెలియడం లేదు. నేను ఉల్లిపొర ఒక్కటే చూశాను.

మే నెలలో మేబెల్ స్కూలు ఖాళీగా ఉంటుంది. తాళంచెవి ఇస్తానంది. సెలవులకు వచ్చేటప్పుడు ఆ ఆకులు రెండు, తడిగుడ్డలో చుట్టి తీసుకురా. స్లైడు నువ్వే చేయాలి, మరలు నువ్వే తిప్పాలి. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను.

ఆ రోజు ముందుగా ఏమీ చెప్పకు. ఏం కనిపిస్తోందని అడుగు. నాకు కనిపించకపోతే, కనిపించలేదంటాను. అప్పుడు నువ్వు కోప్పడకుండా ఇంకోసారి చూపించు.

మీ అమ్మమ్మ
ప్రేమమణి